జిగురుకీ చలి వేస్తుంది

చలి మనుషులకే కాదు, జిగురుకీ వేస్తుందని మిషిగన్ వచ్చాకే తెలిసింది. చెక్కపని చేసేవాళ్లు వాడే పసుపు జిగురు సీసా వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఒక ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కువమంది వాడే టైట్‌బాండ్‌లో మామూలు రకానికి 50 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో రకానికి 55, మూడో రకానికి 47. అంతకంటే చల్లని చోట పూస్తే ఆరదా అంటే, ఆరుతుంది. కాకపోతే తెల్లగా, పొడిపొడిగా ఆరుతుంది. చూడ్డానికి రెండు చెక్కలూ అతుక్కున్నట్టే ఉంటాయి. కుర్చీ కాలికి అలాంటి జిగురు పెట్టారనుకోండి, అది నిలిచిందో లేదో పండక్కి వచ్చిన చుట్టం కూర్చున్నాక తేలుతుంది.

డెట్రాయిట్ చుట్టుపక్కల జనవరి రాత్రులు 20 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటాయి. సెంటీగ్రేడులో సున్నాకి ఏడు డిగ్రీలు కింద. ఇంటిని ఆనుకుని ఉన్న గరాజ్ బయటికంటే కాస్త నయం. గోడకి అవతల వంటిల్లు ఉంటుంది కనక ఆ పుణ్యం కొంత ఇటు దక్కుతుంది. ఆ గరాజ్‌లోనే నా వడ్రంగం. పీటలు, పుస్తకాల బీరువాలు, స్నేహితుల గృహప్రవేశాలకి దేవుడి మందిరాలు. వేసవిలో ఇక్కడ ఎవరికీ తీరిక ఉండదు. గడ్డి కొయ్యాలి, పిల్లల్ని ఆటలకి తిప్పాలి, దేశం నుంచి వచ్చిన పెద్దవాళ్లకి నయాగరా చూపించాలి. తీరిక దొరికేది మంచు పడ్డాకే. సరిగ్గా జిగురు అతకని నెలల్లోనన్నమాట. అందుకే ఇలాంటి సరదాలున్న ప్రతి ఇంట్లోనూ నవంబరు రాగానే గరాజ్‌కి హీటర్ మాట లేస్తుంది.

ఆ మాట నేను ఫోనులో ఎత్తినప్పుడు నాన్నగారు, "కార్లు పెట్టుకునే కొట్టుకి కుంపటేమిట్రా? చలి నీకా, గోడలకా?" అన్నారు. ఆయన వెక్కిరింపుకే అన్నారు. కానీ హీటర్ల గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు. దుకాణంలో అడిగేది వేరు: మీ గరాజ్ ఎన్ని చదరపు అడుగులు? డబ్బా మీద అచ్చు వేసేదీ అదే. ఎవరికి చలి వేస్తోందో ఎవరూ అడగరు.

మనవైపు చలికాలంలో గదిని వేడి చేసే అలవాటే లేదు. లంబసింగి లాంటి మన్యం ఊళ్లలో, ఉష్ణోగ్రత సున్నా దాకా దిగే చోట కూడా, వాకిట్లో నెగడు వేసుకుంటారు, గొంగళి కప్పుకుంటారు, అరచేతులు చాపి చలి కాచుకుంటారు. కుంపటి బాలింత మంచం కిందికి పోతుంది తప్ప ఇల్లంతటికీ కాదు. ఇక్కడ పద్ధతి పూర్తిగా తిరగబడింది. నేలమాళిగలో ఫర్నేసు రాత్రీ పగలూ మండుతూ ఎవరూ లేని గదుల్ని కూడా వెచ్చగా ఉంచుతుంది. రెండూ ఆ దేశాలకి తగ్గ పద్ధతులే. గరాజ్ మాత్రం ఇల్లూ కాదు, వీధీ కాదు. అక్కడ ఏ పద్ధతి పాటించాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి.

ముందు గోడకి గుచ్చే హీటర్ల సంగతి చూద్దాం. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. దాని మీద ఎంత పెద్ద కంపెనీ చేసినా 1500 వాట్లకి మించిన హీటర్ అమ్మరు. ఇక్కడి కొలతలో గంటకి సుమారు 5,100 బీటీయూలు. ఒక పౌను నీళ్లని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడెక్కించే వేడి ఒక బీటీయూ. లోపల సెరామిక్ బిళ్ల పెట్టినా, నూనె నింపినా, చుట్టూ ముచ్చటైన చెక్కపెట్టె బిగించి మూడువందల డాలర్లకి అమ్మినా, 1500 వాట్లకి వచ్చే వేడి అంతే. ముప్ఫై డాలర్లదీ అంతే ఇస్తుంది. కరెంటు వేడిగా మారడంలో ఎవరి తెలివితేటలకీ చోటు లేదు. ఉన్న తెలివి అంతా 1906లో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన చూపించేశాడు. నికెల్ పాళ్లు ఎక్కువ, క్రోమియం తక్కువ వేసి ఆయన పేటెంటు తీసుకున్న మిశ్రలోహపు తీగ ఎర్రగా కాలినా మాడిపోదు, పైన సన్నటి పొర కట్టుకుని తనని తాను కాపాడుకుంటుంది. ఆ తీగ తయారుచేసిన హాస్కిన్స్ కంపెనీ మా డెట్రాయిట్‌లోనే ఉండేది. కార్ల ఊరని అందరూ అంటారు గానీ, ఇంటింటా రొట్టెలు కాల్చే టోస్టర్ల వెనక కూడా ఈ ఊరి చెయ్యి ఉంది.

ఇంకో చిక్కు ఉంది. గరాజ్‌లో ప్లగ్గులన్నీ చాలా ఇళ్లలో ఒకే వైరు మీద ఉంటాయి. తలుపు ఎత్తే మోటారు, దీపాలు, బియ్యం బస్తాల పక్కన పెట్టిన రెండో ఫ్రిజ్, అన్నీ దాని మీదే. హీటర్ నడుస్తుండగా రంపం మీట నొక్కండి. రంపం ఒక్క క్షణం ఊపిరి తీసుకుని తిరగబోతుంది, అంతలో బ్రేకర్ టప్పున పడుతుంది, చీకటి. చేతిలో చెక్క, ఎదురుగా ఇంకా ఆగని పళ్లచక్రం. ఎక్స్‌టెన్షన్ తీగ లాగి వంటింటి ప్లగ్గుకి తగిలిద్దామని చాలామందికి తోస్తుంది. ఆ పని చెయ్యకండి. సన్నటి తీగ వేడెక్కి రంపపు పొట్టులో నిప్పు రాజుకున్న తరవాత చలి బాధ ఎటూ ఉండదు.

కానీ ఆ 1500 వాట్లు ఎటు పోతాయన్న దాన్ని బట్టి తేడా చాలా ఉంది. చిన్నప్పుడు మా వీధి చివర వడ్రంగి ధనుర్మాసంలో పొద్దున్నే వేపచెట్టు పక్కన పని మొదలుపెట్టేవాడు. ఎండపొడ జరిగే కొద్దీ దూలాన్నీ బాడిసనీ ఇటు జరుపుకుంటూ, తొమ్మిదింటికల్లా అరుగు దగ్గరికి చేరేవాడు. గాలి చల్లగానే ఉండేది. ఎండ ఒంటికి తగిలేది, అంతే. క్వార్ట్జ్ గొట్టాలు ఎర్రగా వెలిగే హీటర్లు ఈ ఎండ పనే చేస్తాయి. గాలిని పట్టించుకోవు, ఎదురుగా ఉన్నదాన్ని వెచ్చబెడతాయి. తలకి పైన ఏటవాలుగా బిగిస్తే పనిబల్లకీ, చేతులకీ సరిపోతుంది. కింద నేల మీద పెడితే మాత్రం మనిషి ఒకవైపే కాల్చిన పెసరట్టవుతాడు. అరగంట, గంట పనికి దీన్ని మించింది లేదు. పైగా వేసిన నిమిషంలోనే వేడి తగులుతుంది. గాలిని వేడి చేసేది ఏదైనా మనం చలికి విసిగి ఇంట్లోకి పోయే వేళకి గానీ అందుకోదు.

జిగురు సంగతి ఇంకా తేలిక. మన ఇళ్లలో చలికాలం దోశపిండి పులవడానికి ఓవెన్‌లో దీపం వేసి అందులో గిన్నె పెడతారు గానీ, పిండి కోసం వంటిల్లంతా ఎవరూ వేడెక్కించరు. జిగురుకీ వార్నిష్‌కీ అదే మర్యాద చాలు. నేను సీసాలు ఇంట్లో పెట్టుకుంటాను. అతకాల్సిన పలకల్ని ముందురోజు రాత్రి భోజనాల గదిలోకి తెస్తాను. ఎందుకంటే జిగురు వెచ్చగా ఉంటే సరిపోదు, చెక్క కూడా లోపలిదాకా వెచ్చగా ఉండాలి. అతికి క్లాంపులు బిగించాక పైన కరెంటు దుప్పటి కప్పి వదిలేస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఈ దుప్పటి మీద మా ఇంట్లో అభ్యంతరాలున్నాయి, అవి ఇక్కడ అప్రస్తుతం.

అవసరమైన చోటే వేడి పుట్టించడం చూడాలంటే ఏటికొప్పాక పోవాలి. అంకుడు కర్ర తరిణె మీద గిరగిరా తిరుగుతుంటే దానికి రంగు కలిపిన లక్కకడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ పరుచుకుంటుంది. పక్కన పొయ్యి ఉండదు. వేడి కావలసింది ఆ వేలెడు మేర, ఆ క్షణం మాత్రమే. అక్కడే పుడుతుంది, అక్కడే ఖర్చవుతుంది.

అలాగని గరాజ్‌ని ఎప్పుడూ వేడి చెయ్యక్కర్లేదని నేను అనను. 20 డిగ్రీల్లో చిత్రిక ఇనుము పట్టుకున్న చెయ్యి పది నిమిషాల్లో మొద్దుబారుతుంది. మొద్దుబారిన వేళ్లు తిరిగే రంపం దగ్గరికి పోకూడదు. పూటంతా పని చేసేవాడికి గాలీ, పనిముట్లూ, నేలా అన్నీ వెచ్చగా ఉండాల్సిందే. అన్నిటికంటే మొండిది సిమెంటు నేల. గాలి అరవై డిగ్రీలకి వచ్చినా అది మధ్యాహ్నం దాకా బూట్ల అడుగు నుంచి చలి ఎక్కిస్తూనే ఉంటుంది. ఒక రబ్బరు చాప వేస్తే పాదాల వరకూ ఆ బాధ తీరుతుంది. ఇంత చవకైన హీటర్ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇక్కడే చాలామంది ప్రొపేన్ సిలిండరు మీద పడతారు. ఇళ్లు కట్టే చోట హోరుమంటూ మండే ఫిరంగి లాంటి హీటర్ ఒకటి ఉంటుంది. ధర తక్కువ, గరాజ్ కొద్దిసేపట్లోనే వేడెక్కుతుంది. అది ఇచ్చే వేడి అందరికీ తెలుసు, ఇచ్చే నీళ్ల సంగతే ఎవరూ ఆలోచించరు. ప్రొపేన్ కాలితే బొగ్గుపులుసు వాయువుతో పాటు నీటి ఆవిరి పుడుతుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కనక కాలిన గ్యాసు కంటే పుట్టిన నీరే ఎక్కువ తూగుతుంది. 20 పౌన్ల సిలిండరు పూర్తిగా ఖర్చయ్యేసరికి సుమారు పదిహేను లీటర్ల నీరు ఆవిరై గదిలో చేరుతుంది. పొగగొట్టం లేదు, ఎక్కడికి పోతుంది? గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్న దాని మీద వాలుతుంది. అది పోత ఇనుముతో చేసిన రంపపు బల్ల. సాయంత్రం చేత్తో తుడిస్తే తడి, వారానికి నారింజ రంగు మచ్చలు. మనం వెచ్చబడ్డాం, పనిముట్టు తుప్పు పట్టింది.

తుప్పు వదిలించొచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. దానికి వాసన లేదు, రంగు లేదు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకి పైగా గట్టిగా దీన్ని పట్టుకుని వదలదు. తలనొప్పి, మగత వస్తాయి, ఎవరైనా జలుబనుకుంటారు. ఆ ఫిరంగి హీటర్ మీద తలుపులు తెరిచి వాడమని రాసే ఉంటుంది. మండించిన వేడిని తలుపు తెరిచి బయటికి పంపడం ఏం సుఖం? అందుకే ఎవరూ తెరవరు.

ఈ మాట హీటర్ కొననివాళ్లకి కూడా చెప్పాలి. అమెరికాలో చాలా తెలుగు ఇళ్లకి గరాజ్ రెండో వంటిల్లు. ఇల్లంతా వాసన పట్టకుండా చేపల వేపుడు అక్కడే, శ్రీరామనవమికి వందమందికి పులిహోర అక్కడే. తలుపు ఎత్తి ఉన్నంతవరకూ దానిలో తప్పేమీ లేదు. జనవరిలో చలిగా ఉందని తలుపు దించి ఆ పెద్ద గ్యాసు పొయ్యి వెలిగిస్తే అది పొగగొట్టం లేని హీటరే. బిర్యానీ వాసన దాన్ని మంచిది చెయ్యదు.

ఇక ఎంత వేడి కావాలన్న లెక్క. దీన్ని ఒకసారి కాగితం మీద వేసుకున్నవాడు హీటర్ దుకాణానికి పోయేముందు ఇన్సులేషన్ దూది దుకాణానికి పోతాడు. రెండు కార్ల గరాజ్ 24 అడుగుల చదరం అనుకుందాం. పైకప్పు 576 చదరపు అడుగులు. లోపల 60, బయట 10, తేడా 50 డిగ్రీలు. పైకప్పు కింద మంచి దళసరి ఇన్సులేషన్, ఇక్కడివాళ్లు ఆర్-30 అనేది, ఉంటే ఆ దారిన గంటకి పోయే వేడి 960 బీటీయూలు. ఏమీ లేకుండా పలక మాత్రమే ఉంటే, దాని నిరోధం ఆర్-2 అనుకున్నా, 14,400. పదిహేను రెట్లు. గోడకి గుచ్చే హీటర్లు రెండు పెట్టినా ఆ పైకప్పు ఆకలికి చాలవు. గాలి సంగతి వేరే. గంటకి ఒకసారి గదిలో గాలి మొత్తం మారితే ఇంకో నాలుగువేలు. ఎక్కడి నుంచి మారుతుందంటారా? గాలి వీచే రోజు కార్ల తలుపు కింద అంచు దగ్గర చెయ్యి పెట్టండి. రబ్బరు పట్టీ ఎండి పగిలి, నేల అక్కడక్కడ కుంగి, వేలు దూరేంత సందు ఉంటుంది. పగటిపూట లోపల దీపాలార్పితే ఆ సందులోంచి వెలుగు గీతలా కనిపిస్తుంది. ఆ పట్టీ మార్చడానికి ఒక పూట పని. ఏ ఒక్కటీ చెయ్యని గరాజ్‌కి 45,000 బీటీయూల గ్యాసు హీటర్ కావాలి. అన్నీ చేసిన గరాజ్‌కి 5,000 వాట్ల కరెంటు హీటర్, అంటే సుమారు 17,000 బీటీయూలు, సరిపోతుంది.

ఆ 5,000 వాట్లది మామూలు ప్లగ్గుకి తగలదు. బట్టలారబెట్టే యంత్రానికి ఇచ్చినట్టు 240 వోల్టుల, 30 ఆంపియర్ల లైను విడిగా లాగాలి. ఊరివాళ్ల అనుమతి తీసుకుని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాల్సిన పని. ఖర్చు హీటర్ కంటే దానికే ఎక్కువ కావచ్చు. నడిపే ఖర్చుకి జడవక్కర్లేదు. నాలుగు గంటలు ఆపకుండా తిరిగితే ఇరవై యూనిట్లు. యూనిట్ పదిహేను సెంట్లయితే మూడు డాలర్లు. శనివారాల వడ్రంగికి ఇది భారం కాదు. రోజూ పని చేసేవాడికి గ్యాసు లెక్కే నప్పుతుంది.

గ్యాసంటే పైకప్పుకి వేలాడేసి, గోడలోంచి పొగగొట్టం బయటికి తీసే రకం. విస్కాన్సిన్‌లో 1916లో మొదలైన మోడైన్ కంపెనీ చేసే హాట్ డాగ్ ఇందులో బాగా పేరున్నది. ఆ పేరుకి నేను బాధ్యుణ్ణి కాదు. పైన వేలాడదీయడంలో అర్థం ఉంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పాకుతుంది. అందుకే గరాజ్‌లో మంటగానీ నిప్పురవ్వగానీ పుట్టించే యంత్రం ఏదైనా నేలకి 18 అంగుళాల పైన ఉండాలని ఇక్కడి నిబంధన. చెక్కపని చేసేవాళ్లు ఇంకో నాలుగు డబ్బులు పెట్టి, మంటకి కావలసిన గాలిని కూడా బయటి నుంచే తీసుకునే మూసిన రకం కొనుక్కోవాలి. రంపపు పొట్టు తేలే గదిలో, వార్నిష్ ఆరే గదిలో తెరిచిన మంటకి చోటు లేదు.

పొట్టంటే ఒక దిగులు. మా అమ్మమ్మ ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేది. రేకు డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు దట్టించి, మెల్లగా సీసా లాగేస్తే నిలువునా కన్నం పడేది. కింద పక్కన పుల్ల వెలిగిస్తే పొగ లేకుండా గంటల తరబడి కాలేది. ఇక్కడ సంచుల కొద్దీ పొట్టు చెత్తబండికి వేస్తున్నాను. కట్టెల పొయ్యి పెట్టుకుందామా అంటే, కార్లుండే గరాజ్‌లో చాలా ఊళ్ల నిబంధనలు ఒప్పుకోవు, ఇల్లు ఇన్సూరు చేసిన కంపెనీ అసలే ఒప్పుకోదు. వాళ్లతో వాదించడానికి నా దగ్గర మాట లేదు.

గోడకి బిగించే మినీ స్ప్లిట్ హీట్ పంపు సంగతీ చెప్పాలి. ఒక యూనిట్ కరెంటుకి, చలి మరీ ముదరనంత వరకూ, రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఎండాకాలం చల్లగా కూడా ఉంచుతుంది. గరాజ్‌ని గదిగా మార్చేసుకున్నవాడికి అదే మంచిది. వారానికి ఒక పూట చెక్క కోసేవాడికి దండగ.

నా తీర్పు ఇది. మొదటి డబ్బు తలుపు కింది పట్టీకీ పైకప్పు దూదికీ. ఆ తరవాత గంట పనికి తలపైన క్వార్ట్జ్, పూట పనికి 240 వోల్టులది, రోజూ పనికి పొగగొట్టమున్న గ్యాసుది. పొగగొట్టం లేని మంట ఏదీ, ఎంత చవగ్గా వచ్చినా, మూసిన గరాజ్‌లోకి రాకూడదు. హీటర్ కొన్నా కొనకపోయినా ఒక్కటి చెయ్యండి. గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి ఇవతల, మళ్లీ పడకగదుల దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడండి. ఉంటే వెనక తయారైన తేదీ చూడండి, వాటికీ ఆయుష్షు ఉంటుంది. గడువు తీరితే ఈ వారాంతమే మార్చండి.